బడి జ్ఞాపకాలు పిల్లల కోసం రాస్తుంటే ఏ ఏడాది ఏం జరిగిందో తేల్చుకోవడం ఎలా? (కోనసీమ)

"నాలుగో క్లాసులో ఉండగా వరదొచ్చింది" అని గుర్తుంటుంది, ఏడాది గుర్తుండదు. మన వైపు గట్టి ఆనవాళ్లు రెండు: 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. సంగతి వాటికి ముందుదా, తర్వాతదా అన్నది మొదట తేల్చండి. తర్వాత బడిలో అడ్మిషన్ రిజిస్టర్ చూడండి. చేరిన తేదీ నమ్మొచ్చు. పుట్టినరోజు మాత్రం చాలామందికి మాస్టారు వేసిందే (క్లాసులో సగం మంది జూన్, జూలైల్లో పుట్టింది అందుకే!).

రాతలో ఏడాది ఒక్కసారి చెప్తే చాలు. పిల్లలకు కావాల్సింది కళ్లకు కట్టేలా వస్తువు వివరం. పలక సంగతే తీసుకోండి: దొండాకు, బొగ్గు కలిపి నూరి పలకకు రుద్ది, ఎండలో ఆరబెడితే నల్లబడి, బలపం గీత తెల్లగా తేలేది. అరచేతులకు పసరు మరక సాయంత్రం దాకా పోయేది కాదు. ఊరికే "పలక రుద్దేవాళ్లం" అని రాస్తే ఈకాలం పిల్లలకు ఏమీ కనబడదు.