లీటరు పాల రేటులో రైతుకెంత, డైరీకెంత, కొట్టువాళ్ళకెంత?

"సిటీలో ప్యాకెట్ రేటు చూస్తే అంతుంది, ఊళ్ళో నాన్నకి అంత రావట్లేదు, మధ్యలో ఎవరు తింటున్నారు, లీటరుకి రెండ్రూపాయలు ఎక్కువ ఇస్తామన్న ప్రైవేటు డైరీకి మారొచ్చా" అని అడిగారు కదా. నేను పల్నాడులో మా ఊరి పాలకేంద్రంలో కొన్నేళ్ళు శాంపిల్ తీసి ఫ్యాట్ చూసే పని చేశా, ఇంట్లో గేదెలున్నాయి, మా బావకి కూకట్‌పల్లిలో కిరాణా కొట్టుంది. నేను చూసిందే చెప్తా.

కొట్టులో పెద్దగా ఏం లేదండి. అర లీటరు ప్యాకెట్ మీద బావకి మిగిలేది రూపాయి అటూ ఇటూ, అందులోనే ఫ్రిజ్ కరెంటు, కారిపోయిన ప్యాకెట్లు. కొందరు కూలింగ్ చార్జి అని ఎమ్మార్పీ మీద ఇంకో రూపాయి లాగుతారు, అది ముమ్మాటికీ తప్పే. పాలకొచ్చినోళ్ళు గుడ్లో బ్రెడ్డో కూడా పట్టుకెళ్తారనే పాలు పెట్టుకుంటారు.

అసలు లెక్కంతా వెన్నలో ఉంది, అందుకే లీటరుకి లీటరు పోల్చకూడదు. నాన్న పోసేది 6.5 శాతం ఫ్యాట్ (వెన్న) ఉన్న గేదె పాలు అనుకోండి, లీటరులో దాదాపు 67 గ్రాముల వెన్న. మీరు కొనే టోన్డ్ ప్యాకెట్‌లో ఫ్యాట్ 3 శాతమే, అంటే 31 గ్రాములు. కిలో ఫ్యాట్‌కి 750 రేటు వేస్తే నాన్నకి 50 రూపాయలు, డైరీ మాత్రం అవే పాలతో లీటరు టోన్డ్ చేసి (56 అనుకుందాం) మిగిలిన 36 గ్రాములు నెయ్యికి మళ్ళిస్తుంది, కిలో 650 వేసుకున్నా ఇంకో 23. మొత్తం 79లో నాన్నది 50. మిగతాదంతా లాభం అనలేం, కేంద్రం కమిషన్, బల్క్ కూలర్ (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు), ట్యాంకర్, ప్యాకింగ్, ఏజెంట్లు అన్నీ అందులోంచే పోవాలి. అయినా పెరుగు, నెయ్యి, స్వీట్ల మీద వచ్చేదాంట్లో ప్రైవేటు డైరీల్లో రైతుకి వాటా ఉండదు, నాకు బాధ అక్కడే.

ఇంకోటి, ఒక్క పాయింటు (0.1 శాతం) ఫ్యాట్ తేడా అంటే లీటరుకి 75 పైసలకి పైనే, పూటకి 5 లీటర్ల చొప్పున రెండు పూటలా పోసేవాళ్ళకి నెలకి 230 రూపాయల దాకా పోతాయి. క్యాన్‌లో పాలు కలపకుండా అడుగు నుంచి శాంపిల్ తీస్తే ఫ్యాట్ తక్కువ చూపిస్తుంది, వెన్న పైకి తేలుతుంది కాబట్టి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ, అవి దూడకి వదిలేసి ముందు పాలే కేంద్రానికి తెస్తే పాయింట్లు పడిపోతాయి, ఆడవాళ్ళు మిషన్ ముందు నిలబడి "నిన్న 6.8 వచ్చిందే, ఇవాళ 6.1 ఏంటన్నా" అని అడిగినప్పుడు చాలాసార్లు కారణం ఇదే.

ఇక రెండ్రూపాయల సంగతి. మా ఊళ్ళో ఒక ప్రైవేటు డైరీ ఎండాకాలం పాలు దొరకనప్పుడు రేటు పెంచి అందర్నీ లాక్కుంది, చలికాలం పాలు ఎక్కువయ్యేసరికి తగ్గించేసింది, అప్పటికి పాత కేంద్రం మూతపడింది, ఎక్కడికి పోతారు? చిత్తూరు సహకార డైరీ 2002లో మూతపడ్డాక అక్కడి రైతులకి ఎదురైంది కూడా ఇలాంటిదే. ముల్కనూరు మహిళా డైరీ చూడండి, పాలు పోసే ఆడవాళ్ళే సభ్యులు, లాభం వాళ్ళకే బోనస్‌గా తిరిగొస్తుంది. అమూల్ వాళ్ళు కూడా రూపాయిలో 80 పైసల దాకా రైతుకే ఇస్తున్నామంటారు, అదీ సహకార సంఘమే కాబట్టి.

మారేముందు నాన్నగారిని మూడు విషయాలు కనుక్కోమనండి: చలికాలంలో కిలో ఫ్యాట్ రేటు ఎంతిచ్చారు, పూటపూటా ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో వెన్న, నీళ్ళు పోగా మిగిలే ఘనపదార్థం) రాసున్న స్లిప్ చేతికిస్తారా, ఏడాది చివర బోనస్ ఉందా. పాత కేంద్రంలో బోనస్ వస్తుంటే దాన్ని లీటర్లతో భాగించి ఆ రెండ్రూపాయల పక్కన పెట్టి చూసుకోండి, ఆ పైన దాణా, పత్తిచెక్క అప్పు మీద ఎవరిస్తున్నారో కూడా చూడండి, గేదె వట్టిపోయిన నెలల్లో అదే పెద్ద ఆసరా.