ఎత్తైన కొత్త టవర్‌లో ఫ్లాట్ తీసుకుంటే నెల ఖర్చు నిజంగా ఎంత పెరుగుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాలుగంతస్తుల పాత భవనంలో అద్దెకు ఉంటున్నారు. ఆఫీసుకు దగ్గర్లో ముప్పై, నలభై అంతస్తుల టవర్లు లేచాయి. లోన్ వస్తుంది, ఈఎంఐ కట్టగలరు. దాని మీద ఇంకెంత పడుతుందో, అసలు వెళ్లడం మంచిదో కాదో తేల్చుకోలేకపోతున్నారు.

నేనూ చిన్న అపార్ట్‌మెంట్ నుంచి టవర్‌కి మారినవాణ్ణే. మారాక ఓనర్ల సంఘంలో ట్రెజరర్‌గా పనిచేశాను. ఆ లెక్కలు దగ్గరగా చూశాక ఒక్క విషయం గట్టిగా అనిపించింది. టవర్‌లో ఫ్లాట్ కొంటే ఇంటితోపాటు, పగలూ రాత్రీ ఆగకుండా నడవాల్సిన ఒక పెద్ద యంత్రంలో వాటా కూడా కొన్నట్టే. ఈఎంఐ ఏదో ఒకరోజు తీరిపోతుంది. యంత్రం ఖర్చు తీరేది కాదు, వయసు మీదపడేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఫ్లాట్ ధర కన్నా ముందు ఆ సంఘం లెక్కలు చూడమంటాను.

లిఫ్టుతో మొదలుపెడతాను. మీ నాలుగంతస్తుల్లో లిఫ్టు ఆగితే మెట్లెక్కి పోతారు. ఇరవై ఐదో అంతస్తులో ఆగితే ఇంట్లో పెద్దవాళ్లు కదల్లేరు. అందుకే టవర్‌లో బ్లాకుకు మూడో నాలుగో లిఫ్టులు ఉంటాయి, వాటిలో ఒకటి మంటలు వచ్చినప్పుడు ఫైర్ సిబ్బంది వాడుకునేలా ఉండాలి, అన్నింటికీ ఏడాది పొడవునా సర్వీసు కాంట్రాక్టు కావాలి. లిఫ్టు రాక ముందు పై అంతస్తులే చవక. పారిస్ పాత భవనాల్లో పనివాళ్ల గదులు పైకప్పు కిందే ఉండేవి. 1857లో న్యూయార్క్‌లో ఒక దుకాణంలో ఎలీషా ఓటిస్ కంపెనీ ప్రయాణికుల లిఫ్టు పెట్టింది. తర్వాత లిఫ్టులు ఇళ్లలోకి వచ్చేసరికి ఆ లెక్క తలకిందులైంది. ఇప్పుడు పైకి వెళ్లేకొద్దీ ఫ్లోర్ రైజ్ పేరుతో ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువ విలువంతా లిఫ్టు సరిగ్గా నడిచినంతకాలమే.

నీళ్ల ఖర్చు మాత్రం చాలామంది అనుకునే చోట ఉండదు. వెయ్యి లీటర్లను వంద మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, పంపులో పోయే నష్టం కలుపుకున్నా, సుమారు అర యూనిట్ కరెంటు సరిపోతుంది. అసలు పని నీళ్లను దించడంలో ఉంది. ప్రతి పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. వంద మీటర్ల పైనున్న ట్యాంకు నుంచి పైపు తిన్నగా దించితే అడుగున పది బార్లు పడుతుంది. ఇంట్లో కుళాయిలకు మూడు బార్లు చాలు. అందుకని భవనాన్ని కొన్ని అంతస్తుల చొప్పున విడగొట్టి, ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతారు. మా దగ్గర ఒక వాల్వు పాడైన రాత్రి కింది అంతస్తు ఫ్లాట్లో గీజర్ పైపు పగిలింది. ఆ నీళ్లు కారిడార్‌లోంచి లిఫ్టు గుంతలోకి దిగి రెండు లిఫ్టులు ఆగిపోయాయి. వాల్వు చిన్నదే, బిల్లు మాత్రం చాలా పెద్దది. టవర్‌లో ఏదీ విడిగా పాడవదు, ఒకటి ఇంకోదాన్ని లాగుతుంది.

ఇక మెయింటెనెన్స్. కొత్త టవర్‌లో బిల్డర్ చెప్పే నెల మెయింటెనెన్స్ అంకెను చూసి బడ్జెట్ వేసుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. మొదట్లో లిఫ్టులు, జనరేటర్లు, పంపులు అన్నీ వారంటీలో ఉంటాయి. చాలాచోట్ల మొదటి ఏడాదో రెండేళ్లో మెయింటెనెన్స్ డబ్బు కొనేటప్పుడే తీసుకుంటారు కాబట్టి అది నెల ఖర్చులా కనిపించదు. ఫ్లాట్లు అమ్ముడుపోవాలి కాబట్టి ఆ అంకెను తక్కువగా ఉంచే ఒత్తిడి కూడా ఉంటుంది. భవనాన్ని సంఘానికి అప్పగించాక వారంటీలు ఒక్కొక్కటే అయిపోతాయి. అప్పుడు లిఫ్టుల కాంట్రాక్టు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఫైర్ పంపులు, బయటి అద్దాలు తుడిచే మనుషులు, సెక్యూరిటీ, ఇన్సూరెన్సు, అన్నీ సంఘం ఖాతాలోంచే. మా దగ్గర అప్పగింత తర్వాత వేసిన మొదటి నిజమైన బడ్జెట్ చూసి మీటింగులో సగంమంది లేచి నిలబడ్డారు. కమిటీ తినేస్తోందన్నారు. ప్రతి కొటేషనూ తెర మీద పెట్టి చూపిస్తే గానీ శాంతించలేదు. వాళ్ల కోపం నాకు అర్థమైంది. బ్యాంకు ఇచ్చే అప్పంతా తీసుకుని కొన్న కుటుంబాలకు ఆ పెరుగుదల పిల్లల ఫీజుల్లోంచే రావాలి.

ఆ తర్వాత పంపకాల గొడవ. ఫ్లాటుకు ఇంత అని సమానంగా వేస్తే చిన్న ఫ్లాటు వాళ్లకు అన్యాయం. చదరపు అడుగుల లెక్కన వేస్తే పెద్ద ఫ్లాటు వాళ్లు, సెక్యూరిటీ గార్డు మా కోసం రెండింతలు కాపలా కాయడు కదా అంటారు. కింది అంతస్తుల వాళ్లు లిఫ్టు ఖర్చు మాకెందుకంటారు. స్విమ్మింగ్ పూల్‌లో ఎప్పుడూ దిగని పెద్దాయన, దాని క్లోరిన్‌కి నేనెందుకు కట్టాలని అడుగుతారు. ఎవరి మాటా తప్పు కాదు. చివరికి మేము సెక్యూరిటీ, ఆఫీసు ఖర్చుల్లాంటివి ఫ్లాటుకు సమానంగా, భవనం మరమ్మతు నిధి చదరపు అడుగుల లెక్కన వేశాం. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు, కానీ అందరూ కడుతున్నారు. చేరే ముందు మీ టవర్‌లో ఏ పద్ధతి ఉందో బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో చూసుకోండి. దాన్ని తర్వాత మార్చడం చాలా కష్టం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మరమ్మతు నిధి. కొందరు కార్పస్ అంటారు, కొందరు సింకింగ్ ఫండ్ అంటారు. లిఫ్టులు సాధారణంగా ఇరవై, ఇరవై ఐదేళ్లకు మార్చాలి లేదా పూర్తిగా బాగుచేయించాలి. బయటి గోడల కీళ్లలో నింపిన సీలెంట్, వాటర్‌ప్రూఫింగ్ అంతకన్నా ముందే పోతాయి. ముప్పై అంతస్తుల భవనానికి బయట రంగు వేయాలన్నా తాళ్ల మీద వేలాడే మనుషులు, యంత్రాల ఊయలలు కావాలి, రంగు ఖర్చు కన్నా అక్కడికి చేరే ఖర్చే భారం. ఈ రోజు నుంచి కొంచెం కొంచెం దాచకపోతే ఆ ఏడాది ఒక్కసారిగా ప్రతి ఇంటి మీదా పడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే ఊళ్లో 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనం కూలి 98 మంది చనిపోయారు. పన్నెండంతస్తులు, నలభై ఏళ్ల భవనం. కాంక్రీటు బాగా దెబ్బతిందని 2018లోనే ఇంజనీరు రిపోర్టు ఇచ్చాడు. మరమ్మతుకు దాదాపు కోటిన్నర డాలర్లు కావాలి, నిధిలో అందులో పదో వంతు కూడా లేదు. ఎవరెంత కట్టాలన్న వాదనల్లో ఏళ్లు గడిచాయి. కూలడానికి సాంకేతిక కారణాలు వేరే ఉన్నాయి, కానీ డబ్బు సకాలంలో చేతిలో ఉంటే పని ముందే మొదలయ్యేది. 2022లో ఫ్లోరిడా చట్టం తెచ్చి, మూడంతస్తులు, అంతకు మించిన సొంత ఫ్లాట్ల భవనాలకు నిర్మాణ తనిఖీ, మరమ్మతు నిధి లెక్క తప్పనిసరి చేసింది. మనం కొనే చోట చట్టం అడగకపోయినా మనం అడగాలి.

నిధి ఎందుకు నిండదో కూడా చెప్పాలి. టవర్లలో చాలా ఫ్లాట్లు పెట్టుబడి కోసం కొన్నవి. తాళం వేసి ఉంటాయి, యజమాని ఎక్కడో ఉంటాడు, మెయింటెనెన్స్ బకాయి పడుతుంది. ఖాళీ ఫ్లాటున్నా లిఫ్టు నడవాలి, మెట్ల దగ్గర దీపం వెలగాలి. ఆ భారం ఉంటున్నవాళ్ల మీదకే వస్తుంది. రాత్రి ఎనిమిదికి టవర్ కింద నిలబడి ఎన్ని కిటికీల్లో వెలుతురుందో చూస్తే ఆ సంఘం ఆర్థిక స్థితి కొంత తెలిసిపోతుంది.

మంటల గురించి ఒక్క మాట. మెట్ల దారిలోకి పొగ రాకుండా గాలి నింపే ఫ్యాన్లు ఉంటాయి, తలుపులు మూసి ఉంటేనే అవి పనిచేస్తాయి. మా దగ్గర గాలి ఆడాలని ఆ తలుపులకు పూలకుండీలు అడ్డం పెట్టేవాళ్లు. తీయించడానికి ఇంటింటికీ తిరిగాను. మీరు చూడటానికి వెళ్లినప్పుడు పై అంతస్తు నుంచి ఒక్కసారి మెట్లు దిగి రండి. సామాన్లు అడ్డంగా కనిపిస్తే ఆ భవనంలో మిగతా నిర్వహణ కూడా అలాగే ఉంటుంది.

విస్తీర్ణం దగ్గర కూడా జాగ్రత్త. ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులు, రెండు మెట్ల దారులు, పైపులు దిగే సందులు, లావు స్తంభాలు ప్రతి అంతస్తులోనూ చోటు తింటాయి. డబ్బు కట్టే అడుగులకూ కాలు పెట్టే అడుగులకూ తేడా చిన్న భవనంలో కన్నా ఎక్కువ. భూమిలో మీ వాటా కూడా వందల ఇళ్ల మధ్య పంచుకున్నదే.

ఇంత చెప్పాక, టవర్లు వద్దని నా ఉద్దేశం కాదు. ఒకే స్థలంలో ఎక్కువమందికి ఇల్లు దొరకడం నగరానికి మంచిదనే నమ్ముతాను. అమెరికాలో ముగ్గురు ఆర్థికవేత్తలు 11 నగరాల్లో ఆదాయం తక్కువున్న పేటల్ని పరిశీలిస్తే, కొత్త పెద్ద భవనాల పక్కనున్న ఇళ్ల అద్దెలు కాస్త దూరంగా ఉన్నవాటితో పోలిస్తే సుమారు 6 శాతం తక్కువకు వచ్చాయి. అంటే ఆ టవర్లో మీరు చేరకపోయినా, అది మీ అద్దెను కొంత పట్టి ఉంచొచ్చు. అలాగే ఇంటి ఖర్చును ఒంటరిగా చూడకూడదు. సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే అమెరికా సంస్థ ఇల్లు, ప్రయాణం రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని లెక్క కట్టింది. టవర్‌కి మారితే మీ ఇంట్లో ఒక బండి అవసరం లేకుండా పోతుందా? పోతే మెయింటెనెన్స్‌లో పెద్ద భాగం అక్కడే తీరిపోవచ్చు. నా విషయంలో అదే జరిగింది, ఆఫీసుకు నడిచి వెళ్తున్నాను. సాయంత్రం మా అమ్మాయితో గడిపే సమయం దొరికింది, అది నాకు చాలా విలువైనది.

మీ స్థానంలో ఉంటే నేను ముందు అదే టవర్‌లో అద్దెకు చేరతాను. మెయింటెనెన్స్ అద్దెలో కలిసి ఉందో విడిగానో ముందే రాయించుకోండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడిస్తే లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలో, గోడలు చెమ్మగిల్లుతాయో లేదో మీకే తెలుస్తుంది. కొనాలనిపిస్తే సంఘం సెక్రటరీ గారిని కలిసి గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, బకాయిల జాబితా, నిధి ఏ బ్యాంకులో ఎవరి సంతకంతో ఉందో అడగండి. ఇంకా బిల్డర్ చేతిలోనే ఉంటే ఆ నిధిని ఎప్పుడు, ఏ షరతు మీద అప్పగిస్తారో అగ్రిమెంటులో చదవండి. బడ్జెట్ వేసేటప్పుడు ఇప్పుడు చెబుతున్న మెయింటెనెన్స్‌కి ఒకటిన్నర రెట్లు వేసుకోండి, అది నా అనుభవంతో చెబుతున్న అంచనా. అంత కట్టినా ఊపిరి ఆడుతుందనుకుంటేనే సంతకం పెట్టండి.