లైసెన్సు పరీక్షకు కూర్చుంటున్న శేఖర్‌కు

చిరంజీవి శేఖర్‌కు పెద్దనాన్న దీవెనలు.

కరెంటు పని లైసెన్సు పరీక్షకు ఏ గైడు కొనాలని అడిగావు. చెప్తాను గానీ, ముందు నువ్వు ఏ కాగితం కోసం రాస్తున్నావో తేల్చుకో. కర్ణాటకలో వైర్‌మన్ పర్మిట్ వేరు, సూపర్‌వైజర్ పర్మిట్ వేరు, కాంట్రాక్టర్ లైసెన్సు వేరు. మన సైట్లలో మూడింటినీ కలిపి ‘లైసెన్సు’ అనేస్తారు. కాంట్రాక్టర్ లైసెన్సుంటే పని ఒప్పుకోవచ్చు, కానీ ఆ పని పర్మిట్ ఉన్నవాడి పర్యవేక్షణలోనే జరగాలి. నీ ఐటీఐ సర్టిఫికెట్‌కూ, ప్యానెల్ పనిలో నీ అనుభవానికీ దేనికి దరఖాస్తు పెట్టుకోవచ్చో రాజాజీనగర్ నిర్మాణ్ భవన్‌లోని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కు నువ్వే వెళ్లి కనుక్కో. మెట్ల దగ్గర ఎవడో ఒకడు ‘అన్నా, మొత్తం నేను చూసుకుంటా’ అంటూ ఫైలు అందుకోబోతాడు. ఇవ్వకు.

ఇక గైడు. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు చవగ్గా వస్తాయి, కొనుక్కో, లెక్కలు చేయడానికి పనికొస్తాయి. రూల్స్ భాగం మాత్రం వాటిలో చదవకు. చాలావాటిలో ఇంకా 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సే ఉంటాయి. వాటి స్థానంలో 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో వాటినీ మార్చి కొత్తవి తెచ్చారు. మీ పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ ఎర్తింగు (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) మాటొస్తే ‘రూల్ 61’ అంటారు. విషయం చాలావరకు పాతదే, నంబరే మారింది. 2023 నిబంధనలు అథారిటీ వెబ్‌సైట్లో ఉన్నాయి, దించుకుని ప్రింటు తీయించు. వైరింగుకు ఐఎస్ 732, ఎర్తింగుకు ఐఎస్ 3043 అనే భారత ప్రమాణాల పేర్లు గుర్తుంచుకో.

నీకు చదువు రాక కాదురా ఇబ్బంది. పని నీ చేతికి బాగా వచ్చు, దాన్ని అలా ఎందుకు చేస్తున్నావో నోటికి రాదు. పరీక్షలో అడిగేది ఆ ఎందుకే. రాతలోనైనా, ఎదురుగా కూర్చోబెట్టి అడిగినా అంతే. అందుకని పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకు. ఆరోజు సైట్లో ఏం చేశావో దానితో మొదలుపెట్టు.

ఎర్తింగు పిట్ తీశారనుకో. పైపు ఎలక్ట్రోడ్ అయితే జీఐ (జింకు పూత ఇనుము) పైపు కనీసం 38 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు. రాగి ప్లేటయితే 60 సెంటీమీటర్ల పలక, 3.15 మిల్లీమీటర్ల మందం. జీఐ ప్లేటయితే మందం 6.3. గోడకు మీటరున్నర దూరం. ఈ కొలతలు నీకు తెలుసు. ఉప్పూ బొగ్గూ ఎందుకు వేస్తాం? మట్టిలో తేమ నిలవాలి, రెసిస్టెన్స్ తగ్గాలి. బెంగళూరులో కొన్నిచోట్ల కాస్త తవ్వితే చాలు, బండ తగులుతుంది. వేసవిలో ఆ మట్టి ఎండిపోతే నిన్న బాగున్న రీడింగు ఇవాళ ఉండదు. పిట్ మీద నీళ్లు పోసే గరాటు పెట్టేది అందుకే. త్రీఫేజ్ మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఎందుకు? ఒకటి తెగినా తుప్పుపట్టినా రెండోది మనిషిని కాపాడాలి. రెండింటినీ తెచ్చి ఒకే బోల్టు కింద బిగిస్తే రెండు ఇచ్చినట్టు కాదు. ఈ ఒక్క అంశం మీదే ఎన్నో ప్రశ్నలు తిప్పి తిప్పి అడగొచ్చు, కాబట్టి దీనికి ఎక్కువ రోజులు పెట్టు.

ఎంసీబీకీ ఆర్‌సీసీబీకీ తేడా అడిగితే ‘రెండూ ట్రిప్ అవుతాయి’ అని రాసి రాకు. ఎంసీబీ అనే చిన్న బ్రేకరు, కరెంటు మోతాదు దాటితే పడిపోయి వైరును కాపాడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటుకు 16 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిందీ న్యూట్రల్లో తిరిగొచ్చిందీ పోల్చుకుంటుంది, తేడా వస్తే తెంచేస్తుంది. దాని తర్వాత న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌కు తగిలినా, పక్క సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిసినా ఊరికే పడిపోతుంటుంది. తప్పు వెతకడం బద్ధకమై దాన్నే బైపాస్ చేసే మహానుభావులను నువ్వూ చూసే ఉంటావు.

మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే పరికరం) ప్రశ్న తప్పదనుకో. మెయిన్ ఆఫ్, స్విచ్‌లు ఆన్‌లో ఉండాలి. 500 వోల్టుల డీసీ ఒక నిమిషం ఇస్తే లైవ్‌కూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగోమ్ చూపాలి. లైట్ సర్క్యూట్‌కు గరిష్ఠంగా 10 పాయింట్లు, 800 వాట్లు; పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు, 3000 వాట్లు. సైట్లో ఈ లెక్క దాటుతున్నారని జవాబులో సైట్ లెక్క రాయకు.

లెక్కల్లో మోటారు కరెంటు చాలాసార్లు చెయ్యి. 10 హెచ్‌పీ, 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.85, ఎఫిషియెన్సీ 90 శాతం అనుకుంటే సుమారు 13.6 ఆంపియర్లు వస్తుంది. ఎఫిషియెన్సీ మరిచిపోతే 12.2 దగ్గర ఆగిపోతావు. హెచ్‌పీ అంటే షాఫ్ట్ మీద వచ్చే పని, లైన్ నుంచి తీసుకునేది కాదు. సైట్లో మనం అనుకునే ‘హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్’ కేబుల్ కొనడానికి చాలు, మార్కులు రావు.

మోటారును ముందు స్టార్‌లో, వేగం అందుకున్నాక డెల్టాలో కలిపే స్టార్ డెల్టా స్టార్టర్‌ను నువ్వు కళ్లు మూసుకుని వైరింగు చేస్తావని మీ నాన్న గొప్పగా చెప్తాడు. కాగితం మీద గీయగలవా? స్టార్‌లో వైండింగుకు 415కి బదులు 240 వోల్టులే అందుతాయి, అందుకే స్టార్టింగు కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. టార్క్ కూడా మూడో వంతే అవుతుంది, కాబట్టి మొదటి నుంచీ బరువు లాగాల్సిన మోటారుకు ఇది కుదరదు. స్టార్ కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే స్విచ్) ఎన్‌సీని, అంటే అది పనిచేయగానే విడిపోయే కాంటాక్టును, డెల్టా కాయిల్ దారిలో, డెల్టా ఎన్‌సీని స్టార్ కాయిల్ దారిలో ఎందుకు పెడతాం? రెండు కాంటాక్టర్లూ ఒకేసారి కలిస్తే మూడు ఫేజులూ షార్ట్. ఆ రెండు ఎన్‌సీలు లేని బొమ్మ ఎంత నీటుగా ఉన్నా తప్పే.

షాక్ తగిలినవాడికి ఏం చేయాలో వరసగా రాయడం నేర్చుకో: ముందు సప్లై తీసేయాలి, అది కుదరకపోతే ఎండు కర్రతో విడదీయాలి, ఊపిరీ నాడీ చూడాలి, ఆగిపోయి ఉంటే సీపీఆర్. ఆస్పత్రికి ఫోన్ చేయడాన్ని చివర్లో రాయకు. క్లియరెన్సులు (లైన్లకు వదలాల్సిన దూరాలు) బట్టీ పట్టాల్సిందే: ఇంటి మీదుగా పోయే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైనుకు నిలువున 2.5 మీటర్లు, పక్కన 1.2, 11 కేవీకి నిలువున 3.7, పక్కన 1.2. మీ వీధిలో బాల్కనీలు చూస్తే ఎక్కడ తప్పారో నీకే కనిపిస్తుంది.

ఆఫీసులో మాట్లాడేది కన్నడ. నోటీసు బోర్డు చదవడానికి కష్టమేం లేదు, అక్షరాలు మనవాటికి దగ్గరే.

పాసైతే మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ (తీగ కోయకుండా కరెంటు కొలిచేది) సొంతంగా కావాలి, క్యాలిబ్రేషన్ కాగితాలతో సహా. బీవీకే అయ్యంగార్ రోడ్డులో నాలుగు షాపుల్లో ధర అడిగి కొను. ఇంకో మాట: లైసెన్సు చేతికి రాగానే ‘నీ నంబరు వేసుకుంటాం, సంతకం పెట్టు, నెలకింత ఇస్తాం’ అనేవాళ్లు వస్తారు. నువ్వు చూడని వైరింగుకు కంప్లీషన్ రిపోర్టు మీద సంతకం పెడితే, రేపు అక్కడ ఎవరికైనా షాక్ కొడితే ముందుగా నీ పేరే తీస్తారు. మొహమాటానికి కూడా ఒప్పుకోకు.

ఈ ఆదివారం లోపు స్టార్ డెల్టా కంట్రోల్ సర్క్యూట్ ఒకటి, పుస్తకం చూడకుండా గీసి ఫోటో పంపు. టైమర్ కాంటాక్టులకు నంబర్లు వేయడం మరవకు.

మీ పెద్దనాన్న,
యలహంక