సూదాకులు లేని కోనిఫర్: నిరంపల్లి

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ దగ్గర మా ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. మూడేళ్ల కిందట అక్కడ క్రిస్మస్ చెట్టు నాటాం. ఏపుగానే పెరిగింది గానీ పిట్టలకు దాంట్లో తిండేమీ లేదు. మన వైపు అడవుల్లో పుట్టిన కోనిఫర్ (పూలు పూయని పైన్, దేవదారు కోవ చెట్టు) ఏదైనా ఉందా? సరుగుడు వేయమంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు నాటింది అరాకేరియా అయి ఉంటుందండీ. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో ఎక్కువగా అమ్మేది అదే. పసిఫిక్ దీవుల చెట్టు. సరుగుడు అసలు కోనిఫర్ కాదు, పూలు పూసే జాతి. దాని ‘సూది’ ఒకటి తుంచి రెండు చేతులా లాగి చూడండి, కణుపు దగ్గర ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ పళ్లలా కనిపించే చిన్న పొలుసులే దాని ఆకులు.

దక్షిణాదిలో సహజంగా పెరిగే కోనిఫర్ నిరంపల్లి ఒక్కటే. శాస్త్రనామం నాజియా వాలిచియానా. నీలగిరి, ఆనమలై, అగస్త్యమలై కొండల తడి అడవుల్లో అక్కడక్కడా ఉంటుంది. దీనికి సూదాకులు ఉండవు. వెడల్పాటి ఆకులు, ఎదురెదురుగా వస్తాయి. ఆకుని వెలుగుకు పెట్టి చూస్తే నడిమి ఈనె కనబడదు, దారాల్లాంటి ఈనెలు తొడిమ నుంచి కొన దాకా సాగుతాయి. అగాతిస్ అనే విదేశీ చెట్టు ఆకు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి కొనేముందు తల్లి చెట్టు కాయ గురించి అడగండి. అగాతిస్‌కి పొలుసుల బంతిలాంటి కాయ, నిరంపల్లికి కండ ఉన్న కాడ మీద ఒంటి గింజ. అడవిలోంచి మొక్క పీకించి తెప్పించుకోవద్దు.

నాటడం జూన్, జూలైలో పెట్టుకోండి. రెండడుగుల గొయ్యి తవ్వి ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన ఆకు ఎరువు రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు కలిపి నింపండి. కవరు విప్పినప్పుడు వేళ్ల మీద పూసల్లాంటి బుడిపెలు కనిపిస్తే నులిపురుగు పట్టిందనుకుని మందు పోయకండి. ఈ కుటుంబపు చెట్లకు అవి సహజం, మేలు చేసే శిలీంధ్రం వాటిలో ఉంటుంది. అందుకే వేరు మట్టి కడగకూడదు, శిలీంధ్రనాశిని పోయకూడదు.

ఇది నీడలో మొలిచి పెరిగే చెట్టు. కనీసం రెండు ఎండాకాలాలు షేడ్‌నెట్ గానీ పెద్ద చెట్టు నీడ గానీ కావాలి. డిసెంబరు నుంచి వానలు పడేదాకా వారానికి రెండుసార్లు పది లీటర్ల చొప్పున పోయండి. పాదులో మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, మొదలు చుట్టూ మాత్రం జానెడు వదిలేయండి. ఆకుల కొనలు గోధుమరంగుకి తిరిగితే ముందు బోరు నీళ్ల ఉప్పుని అనుమానించండి. వాన నీళ్లు పట్టి పోస్తే కొత్త ఆకు శుభ్రంగా వస్తుంది. ఆకులన్నీ పసుపెక్కి వాలిపోతుంటే గోతిలో నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. పెరుగుదల నిదానం, తొందరపడి యూరియా వేయొద్దు.

ఇక పిట్టల సంగతి. తాటిచెట్టులాగే దీనికీ ఆడ, మగ వేరు. ఒక్కటే నాటితే గింజ ఆశ లేదు. మొక్కను చూసి ఆడదో మగదో చెప్పలేం కాబట్టి మూడు నాలుగు కావాలి, కాపుకి చాలా ఏళ్లు పడుతుంది. పరాగం గాలిలో పోతుంది, తేనె ఉండదు. తేనెపిట్టలకు దీంతో పనిలేదు. ఏడాది పొడవునా ఆకు దట్టంగా ఉండటం వల్ల దాక్కోవడానికి, గూటికి మాత్రం బాగుంటుంది. పిట్టలకు తిండి త్వరగా కావాలంటే పక్కనే కరివేపాకు వేసి కొన్ని కొమ్మలు కోయకుండా పండనివ్వండి. ఆ నల్లపళ్ల కోసం పిగిలిపిట్టలు, కోకిలలు వస్తాయి. జాగా ఉంటే నేరేడు కూడా వేయండి. మేడి పిట్టలకు ఎంతో మంచిదే, కానీ దాని వేళ్లు గోడల్ని కదిలిస్తాయి.

ప్రశ్న: మరి అరాకేరియాని కొట్టేయాలా?

జవాబు: అక్కర్లేదు. గద్దలు వాలడానికి ఎత్తు కొమ్మలు పనికొస్తాయి. కానీ అది అరవై అడుగులు దాటగల చెట్టు. గోడని ఆనుకుని ఉండి తీయక తప్పకపోతే, కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది. ముందుగా ట్రీ ఆఫీసర్‌కి దరఖాస్తు పెట్టి అనుమతి వచ్చాకే గొడ్డలి పెట్టించండి.