ఆ ఊళ్ళో మీకేమి పని?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అమ్మాయికి వేరే నగరంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఇక్కడి నుంచి రైల్లో ఒక రాత్రి ప్రయాణం. మావారి సంస్థకు అక్కడ శాఖ ఉంది. అడిగితే బదిలీ ఇస్తామన్నారు, జీతం కూడా కొంచెం పెరుగుతుంది. "పిల్లను హాస్టల్లో పెట్టడం ఎందుకు, అందరం వెళ్ళిపోదాం" అని ఆయన పట్టుబట్టారు. మా అబ్బాయి 8వ తరగతి. మా అత్తగారికి 76 ఏళ్ళు, మాతోనే ఉంటారు. నేను ఇక్కడ ఒక బడిలో 14 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. "పిల్ల భవిష్యత్తు కన్నా నీ ఉద్యోగం ఎక్కువా" అని అందరూ అంటున్నారు. అవునని అనలేను, కాదనీ అనలేను. ఏమి చేయమంటారు?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయి అక్కడికి ఎందుకు వెళ్తోందో రాశారు. మీవారికి అక్కడ కుర్చీ సిద్ధంగా ఉందని రాశారు. అబ్బాయి తరగతి, అత్తగారి వయసు కూడా ఉన్నాయి. ఆ ఊళ్ళో మీకేమి పని అన్నది మాత్రం ఎక్కడా లేదు. మీ చిక్కంతా ఆ ఖాళీలోనే ఉంది.

బదిలీల ఉద్యోగంలో 31 ఏళ్ళు పనిచేసి, 9 ఇళ్ళు మారినదాన్ని నేను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు మారి చూడు అని ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా వాళ్ళు ఎప్పుడూ మారి ఉండరు. ఆ తొమ్మిదింటిలో ఎనిమిది నా బదిలీలే. చేరిన రెండో రోజుకల్లా నాకంటూ ఒక బల్ల ఉండేది, పేరుతో పిలిచే పదిమంది ఉండేవారు. ఒక్కసారి మాత్రం మావారి పని మీద వెళ్ళాం, నేను ఏడాది సెలవు పెట్టాను. ఆ ఏడాది నాతో రోజూ మాట్లాడిన పరాయి మనిషి నీళ్ళ మోటారు వేసే కుర్రవాడు ఒక్కడే. అతనూ "అమ్మా, నీళ్ళు పట్టుకోండి" అనేవాడు, అంతే. సాయంత్రం మావారు ఇంటికి వస్తే, వచ్చారని సంతోషించే బదులు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో లెక్కపెట్టేదాన్ని. ఆయన తప్పేమీ లేదు. మిగతా ఎనిమిదిసార్లు నా కోసం ఆయన ఎన్ని నిమిషాలు లెక్కపెట్టుకున్నారో అని ఉద్యోగ విరమణ తరువాతగానీ నాకు తోచలేదు.

మీ పరిస్థితి మీద ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ వ్యాసమే ఉంది. జేకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త 1978లో కుటుంబాల వలసల గురించి రాస్తూ, ఇంటి మొత్తానికి లాభమైనా తన ఒక్కరి లెక్క వేసుకుంటే నష్టపోతూ కదిలే మనిషిని "ముడిపడి వెళ్ళేవారు" అన్న అర్థంలో విడిగా చూపించారు. అవతలి పక్క కూడా చూపించారు: తనకు లాభమైన అవకాశాన్ని ఇంటివాళ్ళ కోసం వదులుకుని "ముడిపడి ఆగిపోయేవారు". మీరు వెళ్తే మొదటి వరుసలో మీరుంటారు. వద్దంటే రెండో వరుసలో మీవారు ఉండవచ్చు. ఉండవచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే అది తెలియాలంటే మీరు ఆయన్ని ఒక ప్రశ్న అడగాలి.

ఇద్దరే ఉన్నప్పుడు, కోపం లేని పూట చూసి అడగండి: "అమ్మాయికి అక్కడ సీటు రాకపోయి ఉంటే ఈ బదిలీ అడిగేవారా?" లేదు అంటే, అమ్మాయిని హాస్టల్లో చేర్పించండి. నాకు అందులో రెండో ఆలోచన లేదు. ఆమె చదువు నాలుగేళ్ళు, అందులోనూ పగలంతా కాలేజీలోనే. అయిదో ఏడు ఉద్యోగమనో పైచదువనో ఇంకో నగరానికి వెళ్తుంది. ఆమె కోసం కట్టిన కాపురంలో ఆమె తప్ప అందరూ మిగులుతారు. అప్పటికి అబ్బాయికి కాలేజీ వయసు వస్తుంది. అతనికి మూడో ఊళ్ళో సీటు వస్తే మళ్ళీ లారీ పిలుస్తారా?

"అవును, ఎప్పటి నుంచో అనుకుంటున్నాను" అని ఆయన అంటే సంగతి వేరు. అప్పుడు ఇది ఆయన ఉద్యోగం కోసం చేసే ప్రయాణం. దాన్ని ఆ పేరుతోనే పిలవమనండి, అమ్మాయి పేరు తగిలించవద్దనండి. పిల్ల భవిష్యత్తు అన్న మాట ఎదురుగా పెట్టాక ఏ తల్లీ నోరెత్తలేదు. భర్త ఉద్యోగం, భార్య ఉద్యోగం అన్నప్పుడు మాత్రం ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

అలా మాట్లాడుకుని వెళ్ళాలనే తేలితే, రెండు విడతలుగా వెళ్ళండి. మొదట మీవారు, అమ్మాయి. అబ్బాయికి ఈ విద్యా సంవత్సరం పూర్తయ్యాక మీరు ముగ్గురు. రెండు కాపురాల ఖర్చు భారమే, కాదనను. ఆ కొన్ని నెలలూ వాళ్ళు రెండు గదుల ఇంట్లో సర్దుకుంటే భారం కొంత తగ్గుతుంది. అందరూ ఒకేసారి ఎందుకు వెళ్ళకూడదంటే, మార్పులు ఒక్కొక్కటిగా వస్తే మోయగలం, కట్టగట్టుకుని వస్తే నడుము వంగుతుంది. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మనోవైద్యులు 1967లో జీవితాన్ని కుదిపే 43 సంఘటనలకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50. ఇల్లు మారడానికి 20 మాత్రమే. మరి మీ లెక్క చూడండి, లెక్కల టీచరు కదా: ఇల్లు మారడం 20, భార్యాభర్తల్లో ఒకరు ఉద్యోగం మానడం 26, జీవన పరిస్థితులు మారడం 25, నలుగురితో కలిసే తీరు మారడం 18. మొత్తం 89. మనసుకు మార్కులు వేయడం మీద నాకు పెద్ద గురి లేదు గానీ, కూడిక మీద ఉంది.

మీరు ఆగే ఆ నెలల్లో చేయవలసిన పని ఒకటుంది. రాజీనామా రాయకండి. జీతం లేని సెలవు దొరుకుతుందేమో రాతపూర్వకంగా అడగండి. ఆ నగరంలో బడులు కొత్త సంవత్సరానికి టీచర్లను తీసుకునే వేళకు మీ దరఖాస్తులు అక్కడ ఉండేలా చూసుకోండి. మీ పాత సహోద్యోగుల్లో, మీ దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రుల్లో ఆ ఊరికి వెళ్ళినవారు తప్పక ఉంటారు. మొహమాటపడకుండా ఫోను చేయండి. మీకు అక్కడ పని దొరికిన రోజున మీరు అడిగిన ప్రశ్నే మిగలదు. దొరకకపోతే, ఏ తేదీ వరకు చూడాలో ఇద్దరూ ముందే అనుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. తేదీ లేని ఎదురుచూపు రెండిళ్ళనూ పాడు చేస్తుంది.

తండ్రీ కూతుళ్ళు కొన్నాళ్ళు ఇద్దరే ఉంటే ఇల్లు ఎలా నడుస్తుందో అని మీకు దిగులు ఉండవచ్చు. నడుస్తుంది. బట్టలు ఆరకుండానే మడతపెడతారు, గ్యాసు అయిపోయిన రాత్రి తెల్లమొహం వేస్తారు, తరువాత నేర్చుకుంటారు.

ఇక అత్తగారు. మీ ఉత్తరంలో ఆవిడకు వయసు ఉంది, అభిప్రాయం లేదు. ఎవరైనా అడిగారా? ఆ వయసులో మనిషికి ఊరంటే గుమ్మం దగ్గర కూర్చుంటే పలకరించే నలుగురు, చీకట్లో కూడా తడబడకుండా వెళ్ళగల స్నానాల గది. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆవిడను ఒకసారి తీసుకెళ్ళి ఆ ఇంట్లో నడిపించండి. మెట్లెన్ని, గడప ఎత్తు ఎంత, లిఫ్టు ఆగిపోతే గతేమిటి అన్నవి ఆవిడ చూసినట్టు మీరు చూడలేరు.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అని మీరు అడగలేదు గానీ, మీవారు "కాలేజీ పక్కనే" అనేస్తారని నా అనుమానం. ఆ ఇంట్లో అందరికన్నా తేలికగా ప్రయాణం చేయగలిగింది 18 ఏళ్ళ పిల్ల. ఆమె బస్సు ఎక్కగలదు. అబ్బాయి బడికి, అత్తగారి వైద్యుడికి దగ్గరగా తీసుకోండి. మనుషులు పోనూ రానూ కలిపి రోజుకు సుమారు గంట ప్రయాణాన్ని భరిస్తారనీ, బండ్లు వేగంగా పోతే ఊరు పెద్దదవుతుంది తప్ప ఆ గంట పెద్దగా మారదనీ ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ గంట రెండు గంటలయ్యేట్టుంటే ఆ ఇల్లు వద్దు. ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడటానికి వెళ్తే తెలియదు. పనిదినాన, ఆఫీసుల వేళకు ఒకసారి వెళ్ళి రావాలి. మా ఆరో ఇంటిని ఆదివారం చూశాం. పక్కన రంపపు మిల్లు ఉందని సోమవారం తెల్లవారుజామున తెలిసింది.

ప్రశ్న: అమ్మా, నా కాలేజీ కోసం రెండేళ్ళ క్రితం అమ్మా నాన్నా సొంత ఊరు వదిలి ఈ నగరానికి వచ్చారు. నాన్న ఇక్కడ తక్కువ జీతానికి చేరారు. నాకు మార్కులు తగ్గినా, స్నేహితులతో బయటికి వెళ్తానన్నా "నీ కోసమే కదా ఇక్కడ పడి ఉన్నాం" అంటారు. హాస్టల్‌కు మారాలని ఉంది, అడిగే ధైర్యం లేదు.
– రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, ఆ మాట నీకు ఎంత బరువో నాకు తెలుసు. మా అబ్బాయితో అదే మాట రెండుసార్లు అన్నాను. మూడోసారి అనబోతుంటే వాడు "నేను రమ్మన్నానా?" అని అడిగాడు. ఆ పూట కోపం వచ్చింది. నిజానికి వాడు రమ్మనలేదు.

నువ్వు ఆ మాట అనకు, నేను ఇబ్బంది పడ్డది చాలు. హాస్టల్ సంగతి ఈ సంవత్సరం ఎత్తకు. రెండేళ్ళు నీ చుట్టూ కట్టుకున్న ఇల్లు అది. నువ్వు ఒక్కసారిగా వెళ్ళిపోతే ఆ ఊళ్ళో వాళ్ళకు తెలిసిన మనిషే ఉండదు. అసలు చిక్కు అక్కడే ఉంది: వాళ్ళకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ చేసిన పరిశోధనలో తేలినది ఏమిటంటే, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి ఇద్దరూ కలిసి సుమారు 50 గంటలు గడపాలి, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలి. మెట్ల దగ్గర నవ్వి వెళ్ళిపోతే ఆ గంటలు పోగుపడవు. వారం వారం ఒకే చోటికి, ఒకే వేళకు వెళ్ళాలి. గ్రంథాలయమో, ఉదయపు నడకో, సంగీతం క్లాసో, అమ్మకు ఏది ఇష్టమో నీకే తెలియాలి. మొదటి నాలుగు వారాలూ నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు. అయిదో వారం నీకు పరీక్ష అని చెప్పు.

నాన్నగారితో మాత్రం ఒక మాట సూటిగా చెప్పవచ్చు: "మీరు నా కోసం వచ్చారని నాకు గుర్తుంది నాన్నా. మార్కులు తగ్గినప్పుడు మార్కుల గురించే తిట్టండి." తిడతారు. తిట్టనీ.

ప్రశ్న: వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. సామాను విషయంలో ఒక్క సలహా చెప్పండి.
– ఒక పాఠకుడు

జవాబు: ఒక్కటి చాలదు గానీ, ముఖ్యమైనవి చెబుతాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, మందులు, కళ్ళజోడు లారీలో వేయకండి. మా నాలుగో బదిలీలో మా అబ్బాయి బడి కాగితాలు ఏడో నంబరు పెట్టెలో వెళ్ళాయి. లారీ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు రోజులూ వాడు బడి గేటు బయట నిలబడ్డాడు. వాడికి అది పండగ, నాకు కాదు.

పెట్టె మీద ఏముందో రాస్తారు అందరూ. ఏ గదిలో దించాలో రాయండి, మోసేవాళ్ళకు కావలసింది అదే. రెండు పక్కల, పైన కూడా రాయండి. ఒకదాని మీద ఒకటి పేర్చాక పైన రాసింది కనబడదు.

లారీలో అన్నిటికన్నా చివర ఎక్కించి, అన్నిటికన్నా ముందు దించే పెట్టె ఒకటి ఉండాలి. అందులో మొదటి రాత్రికి సరిపడా దుప్పట్లు, గ్లాసులు, సబ్బు, తువ్వాలు, స్క్రూడ్రైవర్, తాడు, కత్తెర, ఫోను ఛార్జర్, కిటికీకి కట్టడానికి పాత చీర ఒకటి, బల్బులు. పాత ఇంటివాళ్ళు వెళ్తూ బల్బులు కూడా విప్పుకుపోతారు. మనం కూడా విప్పుకునే వచ్చి ఉంటాం కాబట్టి వాళ్ళను ఏమీ అనలేం. రెండు బల్బులు పెట్టుకోండి, మొదటిది చీకట్లో బిగించబోయి పగలగొడతారు.