అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నాన్నగారు మళ్లీ అన్నం తినగలరా?

మీ నాన్నగారికి 62 ఏళ్లని, అన్నవాహిక మధ్యభాగంలో స్క్వామస్ రకం (లోపలి పొరలోని పలుచని కణాల్లో పుట్టేది) క్యాన్సర్ అని తేలిందని, చెన్నై డాక్టర్లు ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారని రాశారు. నెల్లూరులో బంధువులేమో ‘ఈ వయసులో ఛాతీ కోయిస్తారా, కత్తి తగిలితే జబ్బు పాకుతుంది’ అంటున్నారట. ఒప్పుకోవాలా, ఆపరేషన్ అయ్యాక ఆయన మళ్లీ అన్నం తినగలరా అని అడిగారు.

తినగలరు. మా అమ్మకు ఇదే జబ్బు వచ్చింది, ఇదే వరుసలో ఈ చెన్నైలోనే వైద్యం జరిగింది. నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు మాతో కూర్చుని పప్పన్నం తింటోంది. కాకపోతే ఒక్కసారి తినే అన్నాన్ని మూడుసార్లుగా తింటుంది. ఆ స్థితికి చేరడానికి చాలా నెలలు పట్టింది.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజం కాదు. ఆపరేషన్ ఆలస్యమై, తొలగించగలిగే దశ దాటిపోవడమే అసలు ప్రమాదం. వయసు మాటకు వస్తే, 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జన్ ఛాతీలోని అన్నవాహికను తొలగించిన రోగికి 67 ఏళ్లు. ఆ రోజుల్లో జీర్ణాశయాన్ని పైకి లాగి కలిపే పద్ధతి లేదు. బయట అమర్చిన రబ్బరు గొట్టం ద్వారానే తింటూ ఆమె మరో పన్నెండేళ్లకు పైగా బతికింది. ఇప్పుడు జీర్ణాశయాన్నే సన్నని గొట్టంలా మలిచి, ఛాతీలోకో మెడ వరకో తీసుకువచ్చి, మిగిలిన అన్నవాహికకు కుడతారు. డాక్టర్లు చూసేది వయసు కన్నా గుండె, ఊపిరితిత్తులు, ఒంట్లోని సత్తువ.

ముందు కీమో, రేడియేషన్ ఎందుకని మేమూ అడిగాం. నెదర్లాండ్స్‌లో జరిగిన క్రాస్ అనే అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. ఐదు వారాల పాటు వారానికోసారి కీమో, దానితోపాటు 23 సార్లు రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ చేసినవారిలో సగం మంది 49 నెలలు దాటి బతికారు. నేరుగా ఆపరేషన్ చేసినవారిలో ఆ గడువు 24 నెలలే. మీ నాన్నగారిది స్క్వామస్ రకం కాబట్టి మరో విషయం చెప్పాలి. ఈ రకంలో దాదాపు సగం మందికి, తీసిన ముక్కను పరీక్షిస్తే క్యాన్సర్ కణమే కనబడలేదు.

అలాంటప్పుడు ఆపరేషన్ దేనికన్న సందేహం సహజంగానే వస్తుంది. గడ్డ పూర్తిగా కరిగిందని పరీక్షల్లో తేలినవారికి ఆపరేషన్ వెంటనే చేయకుండా గమనిస్తూ ఉండే పద్ధతి మీద నెదర్లాండ్స్‌లోనే మరో అధ్యయనం జరిగింది. రెండేళ్ల దగ్గర ఫలితం ఆపరేషన్‌కు తీసిపోలేదు. కానీ వాళ్లకు పదే పదే ఎండోస్కోపీ, బయాప్సీ, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడైనా ఉందేమో చూసే పెట్ సీటీ స్కాన్ చేశారు, చాలామందికి గడ్డ తిరిగి రావడంతో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నెల్లూరు నుంచి అన్నిసార్లు రాగలరా, అంత పట్టుగా పరీక్షలు చేసే చోటు మీకు దొరుకుతుందా అన్నది చూసుకుని, మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.

నేను మీకు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఆసుపత్రి ఎంపిక గురించి. ఫలానా సర్జన్ పేరున్నవాడా అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ‘ఈ ఆపరేషన్ ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు? జీర్ణాశయాన్ని కలిపిన కుట్టు కారితే రాత్రిపూట చూసేది ఎవరు?’ అని అడగండి. అమెరికాలో 2002లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, ఈ ఆపరేషన్ అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 20 శాతం, ఎక్కువగా చేసే చోట 8 శాతం. అవి పాత లెక్కలు, ఇప్పుడు మంచి కేంద్రాల్లో ఇంకా తక్కువ. తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చికిత్స తెలిసినవాళ్లు పక్కనుంటే ఇబ్బంది ప్రమాదంగా మారకముందే పట్టుకుంటారు.

మా అమ్మకు అదే జరిగింది. మెడ దగ్గర వేసిన కుట్టు కారింది. వాళ్లు కంగారుపడలేదు. గాయం తెరిచి రోజూ డ్రెస్సింగ్ చేశారు, నోటి ద్వారా ఆహారం ఆపి, ముందే చిన్నపేగులో అమర్చిన ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చారు. దానంతటదే మానింది. మానిన చోట ఇరుకైతే మింగడం మళ్లీ కష్టమవుతుంది. ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు, కొందరికి ఒకసారికి మించి చేయాల్సి వస్తుంది. అమ్మకూ చేశారు. అప్పుడు జబ్బు తిరగబెట్టిందేమోనని ఇంట్లో అందరం వణికిపోయాం. మీకు ఆ భయం రాకూడదనే ముందే చెబుతున్నాను. గొంతు కూడా కొన్నాళ్లు బొంగురుపోయింది, మాట వినడానికి దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది.

ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కలవరపెట్టేవి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు. నాన్నగారికి పొగాకు అలవాటుంటే ఈ రోజే మానిపించండి. ఊపిరితిత్తులకు కసరత్తుగా వాడే, మూడు బంతులుండే స్పైరోమీటరు కొని ఇప్పటినుంచే ఊదడం కాదు, పీల్చడం సాధన చేయించండి. రోజూ నడిపించండి. కెమెరాతో, చిన్న రంధ్రాలతో చేసే పద్ధతిలో ఈ ఇన్ఫెక్షన్లు తక్కువని అధ్యయనాల్లో తేలింది. అది ఆయనకు కుదురుతుందేమో అడగండి.

ఇక తిండి. కొద్దికొద్దిగా రోజుకు ఆరేడు సార్లు పెట్టాలి, బాగా నమలాలి, అన్నంతోపాటు నీళ్లు ఎక్కువ తాగకూడదు. తిన్న వెంటనే పడుకోకూడదు, రాత్రి తల వైపు మంచం ఎత్తు పెట్టాలి. లేకపోతే పుల్లని నీళ్లు గొంతులోకి వస్తాయి. తీపి ఒక్కసారిగా తింటే గుండె దడ, చెమటలు పడతాయి. డంపింగ్ అంటారు. అమ్మకు బొబ్బట్లు ప్రాణం, ఇప్పుడు పావు ముక్క తిని చాలంటుంది. మొదట్లో ఆకలే వేయదు, గడియారం చూసి పెట్టాలి. ‘రెండు ముద్దలు ఎక్కువ తిను’ అని బలవంతం చేయకండి, మనం ప్రేమతో చేసే ఆ బలవంతం వాళ్లకు నరకం.

ఖర్చు సంగతి: ఆరోగ్యశ్రీని 2019లో చెన్నై ఆసుపత్రులు కొన్నింటికి విస్తరించారు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆసుపత్రి, ఈ ఆపరేషన్ రెండూ ఉన్నాయేమో చేరేముందే కనుక్కోండి.

ఈ వారమే నాన్నగారి బరువు తూచి రాసిపెట్టండి. జావ, మజ్జిగ కూడా దిగడం కష్టమవుతుంటే, రేడియేషన్ మొదలుకాకముందే ఫీడింగ్ ట్యూబు గురించి అడగండి. బరువు బాగా తగ్గినవారికి రేడియేషన్‌ను, ఆపరేషన్‌ను తట్టుకోవడం చాలా కష్టం.