టెక్ సందేహాలు: ఆటో అన్న యాప్ ఎందుకు తీసేశాడు?

సందేహం: మహబూబ్‌నగర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాం. ముగ్గురం కలిసి ఆటోవాళ్ల కోసం యాప్ చేశాం. బుకింగ్, దారి, రోజు లెక్క అన్నీ ఉన్నాయి. పదిమందికి ఇస్తే వారం తిరక్కుండానే తీసేశారు. తప్పెక్కడ?

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. హాస్టల్ గదిలో చూస్తే ముచ్చటగానే ఉంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం మెట్టుగడ్డ నుంచి స్టేషన్ దాకా డ్రైవర్ పక్కన కూర్చుని చూడండి. హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ గుంత గుంతకూ ఎగురుతుంటుంది. తెల్ల తెర మీద మీ లేత బూడిద రంగు అక్షరాలు ఎండకు ఆనవు. గిరాకీ వచ్చిందని మోగుతుంది. ‘సరే’, ‘వద్దు’ రెండూ పప్పుగింజలంత బటన్లు, పక్కపక్కనే. ఆయన ఎడమచెయ్యి క్లచ్ మీద, కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద. నొక్కేదెవరు?

అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక లెక్క ఉంది. నడుపుతూ తెర మీద పని చేయాల్సి వస్తే, చూపు రోడ్డు వదిలేది ఒక్కోసారి 2 సెకన్లు మించకూడదు, పని మొత్తానికి 12 సెకన్లు దాటకూడదు. మన జడ్చర్ల హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ 2 సెకన్లలో 44 మీటర్లు వెళ్లిపోతుంది. మీ యాప్‌లో కిరాయి రాయడానికే నాలుగు తెరలు దాటాలి!

బండి కదులుతోందని జీపీఎస్ చెబుతుంది కదా, అప్పుడు లెక్కలు, ఆఫర్లు, ప్రొఫైల్ అన్నీ దాచేయండి. తర్వాతి మలుపు, ఒక పెద్ద బటన్ చాలు. ఫోన్‌లో బటన్ కనీసం 48 డీపీ (తెర మీద సైజుకు వాడే కొలత) ఉండాలంటారు. కారు తెరలకైతే గూగుల్ 76 అడుగుతుంది. మీరు 76తోనే మొదలుపెట్టండి. లెక్క స్టాండులో ఆగాక రాసుకుంటాడు.

ఇక భాష. ‘గమ్యస్థానాన్ని నమోదు చేయండి’ అని ఏ ఆటో అన్నా అనడు. ‘ఎక్కడికి?’ అంటే అయిపోయె. నోటితో ‘పెద్ద చెరువు కాడ’ అన్నా దొరకాలి. ఇంటి నంబరు అడిగే పెట్టె పెట్టారు చూడండి, అది ముందు తీసేయండి.

సందేహం: శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక మ్యాప్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: అడవిలో పోయేది నెట్, జీపీఎస్ కాదు. అచ్చంపేటలో టీ తాగేటప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, శ్రీశైలం దాకా ఉన్న ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ట్రాఫిక్ చూపదు, దారి చూపుతుంది. అన్నట్టు, మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది. ఆ విషయంలో ఏ యాప్‌నూ నమ్ముకోకండి.

సందేహం: నాది నల్గొండలో ట్యాక్సీ. ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోవచ్చా?

జవాబు: కుదరదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ పాస్ సొంత వాడకానికి ఉన్న కార్లు, జీపులు, వ్యాన్లకే. పసుపు ప్లేటుకు మామూలు ఫాస్టాగే గతి.